తామరకు వెలుగు వైద్యం



పెద్దారవీడు, మార్కాపురం ప్రాంతాల ఎండ సంగతి మీకు వేరే చెప్పనక్కర లేదు. చేలో కలుపు తీసేవారికీ, పలకల పనికి వెళ్లేవారికీ చెమటకు తడిసిన బట్ట పొద్దుగూకేదాకా ఒంటిమీదనే ఉంటుంది. ఆ తడిలోనే లంగా బొందు కట్టుకునేచోట, గజ్జల్లో తామర పుడుతుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది దాచుకుంటారు.

"తామరను వెలుతురుతో నయం చేస్తారటగా, మనకు ఎండ కరువా?" అనుకోవచ్చు. కాని ఎండ వేరు, ఆ వైద్యం వేరు. తామర ఒకరకం బూజు. చర్మం పైపొరలో కాపురం పెడుతుంది. ఎండలో కూర్చుంటే ఒళ్లు కమిలి చెమట పడుతుందేగాని తామర పోదు.

వెలుగు వైద్యం నిన్న మొన్నటిది కాదు. చర్మానికి వచ్చే క్షయను దీపకాంతితో నయం చేసినందుకు డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. బూజుకు చేసేది మరో పద్ధతి. మిథిలీన్ బ్లూ వంటి రంగుమందు పూసి, అది ఇంకిన తరువాత దానిపై ఎర్రని వెలుతురు ప్రసరింపజేస్తారు. అప్పుడు ఆ రంగుమందు దగ్గరనున్న ఆక్సిజన్‌ను చురుకెక్కిస్తుంది. అది బూజు కణాలను దెబ్బతీస్తుంది. దీనిని ముఖ్యంగా గోటి బూజు మీద పరీక్షించి చూశారు. పలుమార్లు చేయించుకోవాలి. ఒంటి తామరకు మాత్రం ఇది ఇంకా మందుల స్థానానికి రాలేదు.

మరి మందులు వాడినా తగ్గడం లేదేమంటారా? దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబులు కొన్నింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద చల్లారుతుంది, బూజు మాత్రం చాపకింద నీరులా పాకుతుంది. పైగా టెర్బినాఫిన్ అనే మందుకు తరచు లొంగని తామర బూజు మన దేశంలో వ్యాపించింది. దానికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు.

అందుచేత సిగ్గు విడిచి డాక్టరుకు చూపించండి. వాడిన ట్యూబు వెంట తీసుకెళ్లండి. గర్భిణులైతే ఆ మాట ముందే చెప్పండి. మచ్చ మాసిందని మందు మధ్యలో మానవద్దు. ఇంట్లో ఎవరెవరికి ఉందో వారందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. తువ్వాళ్లు ఎవరివి వారికే ఉండాలి. బట్టలు వేడినీళ్లలో ఉతికి, తిరగవేసి ఆరవేయండి. మన ఎండ అక్కడ బాగా పనికొస్తుంది!