మాన్యువల్‌లో అక్షరాలు ఎందుకు వాలుతాయి?

వ్రతకల్పం పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారర్రా? మంత్రం లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. ‘అక్షతలు వేయవలెను’ అన్న మాట బ్రాకెట్లలో సన్నగా ఉంటుంది. గోత్రం, పేరు చెప్పుకోవాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేస్తారు. ఆ చుక్కల్ని ఎవరూ మంత్రంలా చదవరు కదా! కంప్యూటర్ మాన్యువల్‌లోనూ ఇదే ఏర్పాటు.

1971 నవంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ మొదటి కూర్పు తెచ్చారు. వాడిన గుర్తులకు అర్థం ముందుమాటలోనే చెప్పేశారు. కింద గీత ఉన్న మాటను ఉన్నదున్నట్టు టైపు చేయాలి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది కావాలంటే ఇవ్వొచ్చు, మానేయొచ్చు. మూడు చుక్కలుంటే ముందున్నదాన్ని మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చు. గీతే ఎందుకంటారా? అప్పటి టెలిటైపు మిషన్లో లావు అక్షరాలు లేవు. అక్షరం కొట్టి, వెనక్కి జరిపి, అక్కడే గీత కొట్టేవారు. అచ్చు సౌకర్యం పెరిగాక గీత స్థానంలో లావు అక్షరం వచ్చింది. మనం మన ఫైలు పేరు పెట్టుకోవాల్సిన చోటుకి వాలు అక్షరం వచ్చింది. ఈనాటికీ అదే పద్ధతి.

కంప్యూటర్‌కి టైపు చేసి ఇచ్చే ఆజ్ఞల్ని సమాన వెడల్పు అక్షరాల్లో వేయడమూ అందం కోసం కాదు. మామూలు అచ్చులో ఇంగ్లీషు చిన్న ‘ఎల్’, అంకె 1 కవలల్లా ఉంటాయి. ‘ఓ’కీ సున్నాకీ తేడా పట్టుబడదు. ఖాళీ అయితే కంటికే ఆనదు. కానీ కంప్యూటర్ దృష్టిలో ఖాళీ అంటే ఒక మాట ముగిసి ఇంకోటి మొదలైనట్టు. ఫైళ్లు తుడిచే ఆజ్ఞలో చిరునామా మధ్య ఒక ఖాళీ ఎక్కువ పడిందా, ఒక చోటు కాస్తా రెండు చోట్లవుతుంది. తుడవకూడనిది తుడిచిపెట్టుకుపోవచ్చు!

కొటేషన్ గుర్తులదీ ఇదే సంగతి. వర్డ్ ప్రాసెసర్ నిటారు గుర్తుల్ని ముచ్చటగా వంపు తిప్పుతుంది, జంట అడ్డగీతల్ని కలిపి ఒక్క పొడుగు గీత చేస్తుంది. మన కంటికి బాగుంటుంది గానీ, దాన్ని కాపీ చేసి అతికిస్తే ఆజ్ఞ పనిచేయదు. వాక్యం చివరి ఫుల్‌స్టాప్ ఆజ్ఞకు అంటుకున్నా తంటానే. అందుకే ఆజ్ఞను విడిగా ఒక వరుసలో వేయడం మేలు.

మన గుండ్రటి తెలుగు అక్షరాల్ని వాల్చితే చదవడం కష్టం. తెలుగులో మాన్యువల్ రాసేవాళ్లు వాలు అక్షరాల జోలికి పోకుండా, మార్చుకోవాల్సిన మాటను కోణపు బ్రాకెట్లో పెట్టండి. ఏ గుర్తుకి ఏమిటర్థమో మొదటి పేజీలోనే చెప్పండి. చదివేవాళ్లూ ఆ పేజీని దాటేయకండి.