ముసలితనంలో క్యాన్సర్: వైద్యం ఎంతవరకు?

పొలం అమ్మయినా నాయనకు వైద్యం చేయించాలని కొడుకు అంటాడు. ఈ వయసులో ఆయనను ఇంకా బాధపెట్టడమెందుకని కూతురు అంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ తండ్రికి జబ్బు పేరు కూడా ఎవరూ చెప్పలేదు. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు గ్రామాలలోనే కాదు, క్యాన్సర్ అడుగుపెట్టిన ఏ ఇంట్లోనైనా ఇలాంటి సంకటం రావచ్చు. కొడుకు మాటలోనూ, కూతురు మాటలోనూ ప్రేమే ఉన్నది. కాని ముందుగా అడగవలసిన ప్రశ్న ఇద్దరూ అడగలేదు.

ఈ వైద్యం దేనికోసం?

డాక్టరుగారు కీమో అనో, రేడియేషన్ అనో చెప్పగానే జబ్బు పూర్తిగా పోతుందనుకుంటాం. క్యాన్సర్ వైద్యానికి మూడు ఉద్దేశాలున్నాయి. జబ్బును నయం చేయడం మొదటిది. నయం కాకపోయినా కొంతకాలం అదుపులో ఉంచడం రెండవది. నొప్పి, ఆయాసం, రక్తం పోవడం వంటి బాధలను తగ్గించడం మూడవది. “డాక్టరుగారూ, మా నాయనకు మీరు చెప్పే వైద్యం ఈ మూడింటిలో దేనికి? చేయిస్తే ఎన్నాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరగాలి? చేయించకపోతే ఏమవుతుంది?” అని అడగండి. చదువులేనివాళ్లమని జంకవద్దు. జవాబు అర్థమయ్యేవరకు అడగడం మీ హక్కు.

వయసు ఒక్కటే కొలత కాదు

డెబ్బై దాటితే ఇక వైద్యమెందుకు అనుకోవడం పొరపాటు. తన పనులు తాను చేసుకుంటూ పొలం దాకా నడిచివెళ్లే మనిషి ఆపరేషనును తట్టుకోవచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వృద్ధురాళ్లలో చాలామందికి అది హార్మోను మందులకు లొంగే రకమై ఉంటుంది. అటువంటివారికి రోజుకొక మాత్రతో జబ్బు చాలాకాలం అణిగి ఉండవచ్చు. అయితే పగటిపూట సగానికి పైగా మంచంమీదనే గడిపేవారికి సాధారణంగా కీమో వలన మేలుకంటె కీడే ఎక్కువ.

అమెరికాలో 70 ఏళ్లు దాటిన 718 మంది రోగులపై జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. నడక, జ్ఞాపకశక్తి, తిండి, ఇంట్లో తోడు వంటివి ముందుగా పరీక్షించి, ఆ వివరాలను డాక్టర్లకు అందించినచోట తీవ్రమైన దుష్ఫలితాలు నూటికి 51 మందికి వచ్చాయి. అలా అందించనిచోట 71 మందికి వచ్చాయి. ఆరు నెలలకు బ్రతికి ఉన్నవారి సంఖ్యలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు. బలాన్నిబట్టి వైద్యాన్ని తగ్గించినంత మాత్రాన ఆయుష్షు తగ్గిపోదని దీనినిబట్టి తెలుస్తుంది.

మన ప్రాంతంలో మరొక సంగతి చూసుకోవాలి. ఫ్లోరైడు నీళ్లు, కిడ్నీ జబ్బులు మన పడమటి మండలాలకు కొత్తవి కావు. సిస్ప్లాటిన్ వంటి కొన్ని కీమో మందులు కిడ్నీలను దెబ్బతీస్తాయి. నొప్పికి ఊళ్లో వేయించుకునే డైక్లోఫెనాక్ సూదిమందు కూడా కిడ్నీలకు చెరుపే. కనుక కిడ్నీ పరీక్ష చేయించకుండా ఏదీ మొదలుపెట్టవద్దు.

నొప్పి తీయడమూ వైద్యమే

కీమో వద్దనుకోవడం తండ్రిని వదిలివేయడం కాదు. సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ వైద్యురాలు 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రయాన్ని ప్రారంభించారు. నయంకాని జబ్బులో కూడా నొప్పి లేకుండా, ఒంటరితనం లేకుండా చూడవచ్చునని ఆమె చేసి చూపించారు. మన దేశంలో 1993లో కాలికట్‌లో మొదలైన సేవ కేరళ పల్లెల్లో ఇండ్ల వరకు చేరింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉన్నది.

క్యాన్సర్ ఎముకలకు పాకి నొప్పి పెడుతుంటే చాలామందికి ఒకే విడత రేడియేషన్ సరిపోతుంది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఉన్నది. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే దానికి బానిసలవుతారన్న భయం అక్కరలేదు. మలబద్ధకం రాకుండా మాత్రం దానితోపాటు మందు ఇవ్వాలి. మార్ఫిన్ దొరకడానికి అడ్డుగా ఉన్న చట్టాన్ని 2014లో సడలించారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ గల 151 మందిపై బోస్టన్ నగరంలో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు వైద్యంతోపాటు మొదటినుండే ఉపశమన వైద్యం పొందినవారు తక్కువ బాధతో జీవించారు, మిగిలినవారికంటె ఎక్కువ కాలం కూడా బ్రతికారు.

పొలం అమ్మేముందు

ఎన్.టి.ఆర్. వైద్యసేవ క్రింద అర్హులైన కుటుంబాలకు క్యాన్సర్ వైద్యం ఖర్చు లేకుండా జరుగుతుంది. దారి ఖర్చులు, తోడు వెళ్లేవారి కూలి మాత్రం మనవే. నయం చేయడానికిచ్చే రేడియేషన్ చాలాసార్లు వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. పొదిలి నుండి ఒంగోలుకే సుమారు 50 కిలోమీటర్లు. కూర్చోలేని మనిషికి ఆ ప్రయాణమే ఒక శిక్ష. నయమయ్యే ఆశ ఉంటే ఆ కష్టానికి అర్థమున్నది. లేనప్పుడు, ఆయనకు మిగిలిన రోజులలో ఎన్ని దారిలోనే పోతాయో లెక్క చూసుకోండి.

ఆయననే అడగండి

అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. దగ్గర కూర్చుని, “నాయనా, నీ జబ్బు గురించి డాక్టరు చెప్పింది తెలుసుకోవాలని ఉందా? నీకు ఏమి కావాలి?” అని అడగండి. మనుమరాలి పెళ్లి చూడాలని ఒకరు అనవచ్చు, తన ఇంట్లోనే కన్నుమూయాలని మరొకరు అనవచ్చు. ఆ మాటను ఆధారం చేసుకుని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి నిర్ణయించుకోవాలి. తనకు ఎటువంటి వైద్యం వద్దో మనిషి ముందుగానే వ్రాసి ఉంచుకోవచ్చునని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఆ పద్ధతిని 2023లో సులభం చేసింది.

డబ్బుకు చూసుకుని తండ్రిని చంపుకున్నారని ఊరు అనవచ్చు. విశ్వాసం లేక వైద్యం ఆపారని సంఘంలో ఒకరు అనవచ్చు. ప్రార్థన చాలు, మందులెందుకని ఇంకొకరు అనవచ్చు. ఈ మాటలు మోయవలసిన భారం ఆ కుటుంబంమీద పెట్టకండి. స్త్రీల సమాజం వారు వంతులవారీగా వెళ్లి ఒక పూట జావ కాచి ఇచ్చినా, రాత్రి కాపలా కూర్చున్నా, కాపరి వచ్చి ఆయన చెప్పేది ఓపికగా విన్నా అది గొప్ప సేవ. తల్లిదండ్రులను సన్మానించాలన్న అయిదవ ఆజ్ఞ వారి ఆయుష్షును ఎలాగైనా సాగదీయమని చెప్పలేదు. బ్రతికినన్నాళ్లు వారి మాటకు విలువ ఇవ్వడం, వారి నొప్పిని మనదిగా ఎంచడం, చివరివరకు చేయి విడవకపోవడం, సన్మానమంటే ఇదే.