ఆ స్ప్రే సీసా సంగతి భార్యకూ తెలియాలి

పడకగది ఇబ్బందుల గురించి అమ్మ చెప్పదు, అత్తగారు అసలే చెప్పరు. స్నేహితురాలితో చెప్పుకుందామంటే భర్త పరువు తీసినట్టవుతుందేమోనని భయం. అందుకే శీఘ్రస్ఖలనం అనే మాట చాలా ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మగవాళ్ళు మాత్రం ఊరుకోరు. మందుల షాపులో జనం లేని వేళ చూసుకుని ఒక చిన్న స్ప్రే సీసానో, క్రీము ట్యూబో తెచ్చుకుంటారు. ఇప్పుడైతే ఫోనులో ఆర్డరిస్తే ఇంటికే వచ్చేస్తోంది. దాన్ని బీరువాలో చొక్కాల కింద దాచేస్తారు. ఆ సీసా గురించే ఈ నాలుగు మాటలు.

అందులో మాయ ఏమీ లేదు. చాలావాటిలో ఉండేది లిడోకేయిన్. మన దగ్గర లిగ్నోకేయిన్ అని కూడా రాస్తారు. పన్ను పీకేముందు డాక్టరు చిగురుకి ఇంజెక్షన్ ఇస్తే బుగ్గంతా మొద్దుబారిపోతుంది చూడండి, ఆ జాతి మందే ఇది. కొన్నిటిలో ప్రిలోకేయిన్ కలుపుతారు. కొన్నిరకాల కండోముల లోపలివైపు బెంజోకేయిన్ పూస్తారు. అంగం మీది చర్మానికి స్పర్శ తగ్గుతుంది కాబట్టి స్ఖలనం కాస్త ఆలస్యమవుతుంది. పనిచేస్తుందా అంటే చాలామందికి చేస్తుంది, డాక్టర్లు కూడా రాస్తారు. అయితే ఆ పూటకే. జబ్బు నయం చెయ్యదు, కోరిక పెంచదు, పటుత్వమూ ఇవ్వదు.

ఇక మన సంగతికొస్తాను. మా బంధువులమ్మాయి ఒకామెకి పెళ్ళై ఏడాది. భర్తతో కలిసినప్పుడు తనకేమీ తెలియడం లేదని, తిమ్మిరెక్కినట్టుగా, ఒక్కోసారి మంటగా ఉంటోందని, తనలోనే ఏదో లోపముందని లోలోపల కుమిలిపోయింది. చివరికి లేడీ డాక్టరు దగ్గరకెళితే ఆవిడ పరీక్ష చేసి, అంతా బాగానే ఉందమ్మా, మీ ఆయన స్ప్రే ఏమైనా వాడుతున్నారా అని అడిగారట. ఇంటికొచ్చి అడిగితే ఆ అబ్బాయి తలదించుకున్నాడు. మందు తుడవకుండా కలిస్తే అది భార్యకి అంటుకుంటుంది. లోపలి పలచని చర్మం దాన్ని ఇట్టే పీల్చుకుంటుంది. వాడినందుకు ఆ అబ్బాయిని నేనేమీ అనను. చెప్పకుండా వాడాడే, అది మాత్రం నాకు నచ్చలేదు. కూరలో ఏం వేశావని మనల్ని రోజూ అడుగుతారు కదా!

వాడదలుచుకుంటే అట్టపెట్టె మీద ఎన్నిసార్లు కొట్టమని రాసుంటే అన్నిసార్లే. ఎక్కువ కొడితే ఆయనకే ఏమీ తెలియకుండా పోయి, పటుత్వం తగ్గి మొదటికే మోసం వస్తుంది. మందు పట్టడానికి చాలావాటికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత సబ్బునీళ్ళతో కడుక్కోవాలి, లేదా తడిగుడ్డతో శుభ్రంగా తుడుచుకోవాలి, లేదంటే కండోము వేసుకోవాలి. నూనె కలిసిన క్రీములైతే రబ్బరు కండోము చిరిగిపోయే ప్రమాదముంది. మందు పూసిన కండోమును పొరపాటున తిరగేసి తొడిగితే ఆ మందంతా మనకే! పుండు, గాటు, దద్దుర్లు ఉన్నచోట పూయకూడదు. పన్ను డాక్టరిచ్చే ఇంజెక్షన్ ఇద్దరిలో ఎవరికి పడకపోయినా ఇదీ వద్దు. బెంజోకేయిన్‌తో అరుదుగా రక్తంలో తేడా వచ్చి పెదాలు, గోళ్ళు నీలంగా మారి ఆయాసం వస్తుంది. అప్పుడు సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. గర్భిణులూ, పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళూ డాక్టరునడగకుండా వాడనే వద్దు.

అసలు ఈ సీసా ఎంతమందికి అవసరం? 2005లో వెలువడిన ఒక పరిశీలనలో నెదర్లాండ్స్, బ్రిటన్, స్పెయిన్, టర్కీ, అమెరికాల్లో దాదాపు 500 జంటలకి స్టాప్‌వాచీలిచ్చి చూశారు. సగం మందికి 5.4 నిమిషాల లోపే అయిపోయింది. సినిమాలూ, స్నేహితుల గొప్పలూ నమ్మి అరగంట అనుకునే మగవాళ్ళకి ఈ లెక్క చెప్పాలి. మొదటినుంచీ దాదాపు ఎప్పుడూ ఒక నిమిషం లోపే అవుతూ, అదుపు లేక బాధపడుతుంటే డాక్టర్లు దాన్ని శీఘ్రస్ఖలనం అంటారు. ఇన్నాళ్ళూ బాగుండి ఈమధ్యే మొదలైతే థైరాయిడ్, ప్రోస్టేట్ గ్రంథి వాపు, మనసులో ఆందోళన వంటివి కారణం కావచ్చు. అక్కడ స్ప్రే కన్నా పరీక్షలు ముఖ్యం. గోడల మీద ప్రకటనలు రాయించుకుని లాడ్జీల్లో దిగే వాళ్ళ దగ్గరకి మాత్రం వెళ్ళనివ్వకండి. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం.

పైసా ఖర్చులేని పద్ధతి ఒకటుంది. అమెరికా డాక్టరు జేమ్స్ సీమన్స్ 1956లో రాశారు. స్ఖలనం దగ్గరపడుతుందనగానే ఆగిపోవడం, ఆ ఉద్రేకం తగ్గాక మళ్ళీ మొదలుపెట్టడం. కొన్ని వారాలు సాధన కావాలి, దీనికి భార్య సాయం తప్పనిసరి. చెప్పకుండా దాచుకుని చేసేది కాదిది.

ఇంకో ముఖ్య విషయం. చొక్కాల కింద దాచిన సీసా ముందు దొరికేది పిల్లలకే. లిడోకేయిన్ పసిపిల్లల కడుపులోకి వెళితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఎత్తైన చోట, తాళం వేసి పెట్టండి. వాడిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పాపాయిని ఎత్తుకోమనండి.