మాత్రికా గుణకారము – ఇంటి లెక్క

ఒక యింటికి 20 కిలోల బియ్యము, 3 కిలోల కందిపప్పు. మరియొక యింటికి 10 కిలోల బియ్యము, 5 కిలోల పప్పు కావలెననుకొందము. మొదటి అంగడిలో కిలో బియ్యము 50, పప్పు 140 రూపాయలు; రెండవదానిలో 54, 120. ఎవరెచ్చట కొనుట మేలు?

తూకములను ఇంటికొక అడ్డువరుసగను, ధరలను అంగడికొక నిలువువరుసగను వ్రాసిన రెండు మాత్రికలేర్పడును. అడ్డువరుస అంకెలను నిలువువరుస అంకెలతో వరుసగా గుణించి కూడవలెను. మొదటి యింటికి 20×50+3×140, అనగా 1420. రెండవ అంగడిలో 1440. రెండవ యింటికి 1200, 1140. కావున ఇరువురకును ఒకే అంగడి చౌక కాదు. చిన్న లెక్కకింత ఆడంబరమేల యనవచ్చును, నూరిండ్లకైనను విధానమిదియే.

ఆంగ్ల గణితవేత్త ఆర్థర్ కేలీ 1858లో వివరించిన యీ గుణకారమున క్రమము ముఖ్యము. మాత్రికలను తారుమారు చేసినను అంకెలు వచ్చును. కాని బియ్యము ధరతో పప్పు తూకమును గుణించినట్లగును.