మట్టిలో జనాభా లెక్క

అడవి కొట్టి పామాయిల్, రబ్బరు తోటలు వేస్తే నేలలోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయని మనం తేలిగ్గా నమ్మేస్తాం. ఇండొనేసియాలోని సుమత్రా దీవిలో, జంబి ప్రాంతంలో, 2012 నుంచి జర్మన్, ఇండొనేసియన్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధనలు ఈ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. తోట మట్టిలో బాక్టీరియా వైవిధ్యం పడిపోలేదు. అక్కడి అడవి నేల బాగా ఆమ్లయుతం. తోటకోసం వేసే సున్నం, చెట్లు తగలబెట్టిన బూడిద ఆ ఆమ్లతను తగ్గిస్తాయి, చాలా బాక్టీరియాకు కావలసిందీ అదే. మరి నష్టమెక్కడ? ఒక జవాబు మరో దేశపు అడవిలో దొరికింది. బ్రెజిల్‌లోని రొండోనియాలో అడవినీ, అడవి పోయాక ఏర్పడ్డ పశువుల బీళ్లనూ పోల్చిన అధ్యయనం 2013లో వెలువడింది. బీడులో ఏ ఒక్క చోట చూసినా బాక్టీరియా రకాలు ఎక్కువే. కానీ ఒక చోటికీ మరో చోటికీ తేడా చెరిగిపోయింది. ప్రతి సంతలోనూ సరుకు పెరిగింది, అన్ని సంతల్లోనూ అదే సరుకు.

శిలీంధ్రాల కథ ఇంకా గట్టిది. సుమత్రా అడవుల్లోని పెద్ద చెట్లలో చాలావాటిది మన గుగ్గిలం చెట్టు కుటుంబం. వాటి వేళ్లకు తొడుగులా అల్లుకుని, నేలలోని పోషకాలను అందించి, బదులుగా చెట్టు చేసిన చక్కెర తీసుకునే శిలీంధ్రాలున్నాయి. పామాయిల్ చెట్టుకు వాటితో పొత్తు కుదరదు. దానిది వేరు లోపలికి చొచ్చుకుపోయే మరో రకం శిలీంధ్రం. జంబిపై 2019లో వచ్చిన పరిశీలన ప్రకారం తోటల్లో శిలీంధ్ర రకాల సంఖ్య పెద్దగా తగ్గలేదు గానీ, వేళ్లతో పొత్తు పెట్టుకునేవి బాగా తగ్గి, కుళ్లబెట్టేవీ తెగుళ్లు తెచ్చేవీ పెరిగాయి. పని జరిగితే చాలు, ఎవరు చేస్తేనేం అని అడగవచ్చు. ఆకు కుళ్లడం వరకూ ఆ మాట చాలామటుకు నిజమే, ఆ పనికి చేతులు బోలెడు. వేరుతో పొత్తుకు మాత్రం ఎవరంటే వారు పనికిరారు.

అలాగని తోటలన్నీ పీకేయాలా? అక్కర్లేదు. జంబిలోనే ఒక పెద్ద తోటలో 2016లో మొదలైన ప్రయోగంలో ఎరువు తగ్గించి, కలుపు మందు మాని యంత్రంతో కలుపు కోశారు. దిగుబడి తగ్గలేదు, లాభం పెరిగింది. మన గోదావరి జిల్లాల్లో మాత్రం పామాయిల్ ఎక్కువగా వచ్చింది పంట పొలాల్లోకి, అడవిలోకి కాదు, కాబట్టి జంబి అడవితో పోలిక ఇక్కడ చెల్లదు. అయినా తోట లోపలి తేడాలు ఇక్కడా వర్తిస్తాయి: చెట్టు చుట్టూ చెక్కిన బోడి పాదులో కంటే, కొట్టిన మట్టలు వరసగా పేర్చి కుళ్లనిచ్చిన చోటే మట్టిలో కర్బనమూ, దాన్ని తినే సూక్ష్మజీవులూ ఎక్కువ.