పెద్దబొంకూరు పెంకులు, రోమాపురి కుండలు

వైశాఖమాసమున బసంత్‌నగర్‌లో సిమెంటు ధూళియు, బొగ్గుగనుల సీమకెల్ల సహజమైన వడగాడ్పును ఏకమై గొంతుక నార్చివేయు వేళ, అంగడినుండి తెచ్చిన క్రొత్త రంజనును రాత్రియంతయు నానబెట్టి, ఆ నీరు పారబోసి, తెల్లవారి మరల నింపి, మొదటి గ్లాసు ముంచుకొని త్రాగినవారికి ఆ మట్టివాసన నొకరు వర్ణింప నక్కఱలేదు. కంటికానని రంధ్రములగుండ నీరు చెమర్చి, ఆ చెమ్మ గాలికారుచు లోపలి వేడిమిని హరించును.

ఈ ఊరికి సమీపముననే, పెద్దపల్లి చెంతనున్న పెద్దబొంకూరులో, 1970 ప్రాంతమున వి. వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున జరిగిన త్రవ్వకములలో ఇటుక కట్టడములు, వేలకొలది శాతవాహన నాణెములు, వానితోబాటు రోమక చక్రవర్తి అగస్టసు నాటి వెండి నాణెములును బయల్పడినవి. నాణెములకు వచ్చిన ప్రఖ్యాతి అచటి కుండపెంకులకు రాలేదు; అది నాకు అన్యాయముగానే తోచును. నాణెము వర్తకుని వెంట వచ్చిపోవును గాని, ఆ ఇండ్లలో ఏమి వండిరో, నీరెట్లు పట్టిరో చెప్పవలసినది పెంకే. అచటి బావులలో కొన్ని, కాల్చిన మట్టి ఒరలను ఒకదానిపై నొకటి పేర్చి దించినవి. కుమ్మరి లేనిదే ఆ ఊరికి నీరైనను లేదన్నమాట.

ఆ కాలపు కుండలలో లోపల నలుపు, వెలుపల ఎఱుపు గలవి కొన్ని యున్నవి. ఆవములో కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి చొరని లోభాగము నల్లబడుననియు, మంటయు గాలియు తగిలిన వెలిభాగము ఎఱ్ఱబడుననియు పండితులు చెప్పుదురు.

అగస్టసు ప్రజల వంటిండ్లును మట్టిమయములే. పప్పును, గోధుమ జావను ఉడికించు కుండను వారు 'ఓల్లా' అనిరి. మన గాగులవంటి పెనుబానలను 'డోలియము'లని పిలిచి, మెడవఱకు నేలలో పాతిపెట్టి ద్రాక్షారసమును నిలువచేసిరి. మన ప్రమిద నోరు తెఱచియుండగా, వారి దీపము పైన మూతపడి, నూనె పోయుటకొక రంధ్రమును, వత్తికొక ముక్కును కలిగియుండెను. క్రీ. శ. 79లో వెసూవియసు బూడిద క్రింద పూడిపోయిన పాంపేయి నగరమున ఇట్టి పాత్రలెన్నో ఇండ్లలోనే దొరికినవి.

దూరప్రయాణమునకు రెండు చెవులు, మొనదేలిన అడుగు గల 'ఆంఫొరా' యుండెడిది. ద్రాక్షారసము ఊరిపోకుండ దాని లోపల కీలు పూసిరి. నూనె జాడీల గతి వేఱు: ఇంకిన నూనె ముక్కిపోవుటచే, స్పెయిను దక్షిణభాగమునుండి వచ్చిన ఆ జాడీలలో పెక్కింటిని రోమునగరమున పగులగొట్టి వరుసలుగా పేర్చిరి. అట్లు పెరిగిన పెంకులగుట్ట మోంటె టెస్టాచ్చో నేటికిని సుమారు 35 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. మన యింట ఆవకాయకు మెఱుగుపూత గల జాడీనే వెదకుట ఈ ఇంకుడు భయముచేతనే గదా!

నీటికుండకా దోషము లేదు. నిరుడు మెడ విఱిగిన మా రంజను ఇప్పుడు పెరటి వేపచెట్టు నీడలో సగము పాతియున్నది. మధ్యాహ్నమగుసరికి కోళ్లన్నియు దాని చుట్టే చేరును.