వాటాదారుకు చెప్పవలసిన లెక్క

ఒక వాణిజ్య సంస్థ తనలో పెట్టుబడి పెట్టినవారికి లాభనష్టాలను తెలియజేయడం పాత ఆచారం. ఆ లాభం ఎంత నీటిని తోడి, ఎంత పొగను గాలిలో కలిపి, ఎందరి శ్రమను వినియోగించి వచ్చిందో తెలియజేయడం కొత్త బాధ్యత. దీనినే సుస్థిరతా నివేదన అంటారు. భావితరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలను తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్యసమితికి చెందిన బ్రంట్లాండ్ సంఘం నిర్వచించింది.

ఇటువంటి ప్రశ్నలు మనకు బొత్తిగా అపరిచితాలు కావు. మహాభారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజును పాలన గురించి వరుసగా ప్రశ్నిస్తాడు. గణకులు ఆదాయవ్యయాలను నిత్యం నివేదిస్తున్నారా అని అడిగినవాడే, రాజ్యంలో చెరువులు నిండుగా ఉన్నాయా అని కూడా అడుగుతాడు. ధనం లెక్కను, నీటి లెక్కను ఒకే నోట అడగడం గమనించదగినది. అక్కడ సమాధానం చెప్పవలసినవాడు రాజు, ఇక్కడ సంస్థ.

మన దేశంలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెబీ ఈ బాధ్యతను 2012లో మొదటి వంద నమోదిత సంస్థలపై ఉంచింది. 2021లో మరింత వివరమైన నివేదికా పత్రాన్ని రూపొందించి, 2022-23 ఆర్థిక సంవత్సరం నుండి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి స్థానాల్లోని సంస్థలకు తప్పనిసరి చేసింది. విద్యుత్తు, నీరు, వ్యర్థాలు, కార్మికుల భద్రత మొదలైన వివరాలు అందులో ఉండాలి.

ఈ నివేదికలు మదుపరిని చేరే మార్గం కూడా మారింది. వందల పుటల గ్రంథంలో ఒక అంకెను వెదకడం సామాన్యునికి దుస్సాధ్యం. అందుకే నివేదికను ఎక్స్‌బీఆర్‌ఎల్ అనే కంప్యూటర్ భాషలో కూడా సమర్పించాలన్నారు. ఈ పద్ధతిలో ప్రతి అంకెకూ అది దేనికి సంబంధించినదో తెలిపే గుర్తు ఉంటుంది. వంద సంస్థల నీటి వాడకాన్ని కంప్యూటర్ క్షణాల్లో పక్కపక్కన పేర్చగలదు. 2020లో కోవిడ్ కారణంగా వాటాదారుల వార్షిక సమావేశాలను వీడియో ద్వారా జరపడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. పది వాటాలున్న పల్లెటూరి ఉపాధ్యాయుడు సైతం ముందుగా పేరు నమోదు చేసుకుని, ముంబయి వెళ్లకుండానే యాజమాన్యాన్ని ప్రశ్నించే వీలు కలిగింది. అయితే ఎదురుగా నిలిచి అడిగేవానిని ఆపడం కష్టం. తెరమీద అడిగేవాని గొంతును ఒక్క మీటతో ఆపవచ్చు.

అందంగా చెప్పినంత మాత్రాన చెప్పింది నిజం కానక్కరలేదు. జర్మనీకి చెందిన వోక్స్‌వ్యాగన్ సంస్థను 2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సుస్థిరతా సూచీ మోటారు వాహన సంస్థలలో అగ్రగామిగా ప్రకటించింది. అదే నెల 18వ తేదీన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ కంపెనీ మోసాన్ని బయటపెట్టింది. పరీక్ష జరుగుతున్నదని కారే పసిగట్టి, అప్పటికి మాత్రం పొగను అదుపు చేసే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో అమర్చారు. రోడ్డెక్కిన తరువాత కొన్ని కార్లు పరిమితికి నలభై రెట్ల వరకు విషవాయువులను వదిలాయి. అటువంటి సాఫ్ట్‌వేర్ ఉన్న కార్లు ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్లని తేలింది. కొద్ది రోజుల్లోనే సంస్థ వాటా విలువ మూడో వంతు వరకు పడిపోయింది.

అబద్ధం ఆడకుండానే కప్పిపుచ్చే ఉపాయాలూ ఉన్నాయి. ఒక కర్మాగారం వంద కోట్ల అమ్మకాలకు పది లక్షల కిలోలీటర్ల నీటిని వాడిందనుకుందాం. మరికొన్నేళ్లకు అమ్మకాలు మూడు వందల కోట్లకూ, నీరు ఇరవై లక్షలకూ చేరాయి. రూపాయి అమ్మకానికి అయ్యే నీరు మూడో వంతు తగ్గిందని నివేదిక చెబుతుంది. అది నిజమే. కానీ ఊరి భూగర్భం నుండి పోయిన నీరు రెండింతలైంది. మదుపరి రెండు అంకెలనూ చూడాలి. ఇటువంటి కీలకాంశాలను బయటి నిపుణుల చేత పరీక్షింపజేసే ఏర్పాటును సెబీ 2023లో ప్రకటించి, తొలుత నూట యాభై పెద్ద సంస్థలతో ప్రారంభించింది.